తలుపులు మూసే పండగ

ఈ సంకలనానికి ఏం రాస్తున్నావని మిత్రులు అడిగారు. యూదుల ఉపవాస దినం గురించి అన్నాను. మావాళ్లు ముఖం అదోలా పెట్టారు. "గాజాలో అంత జరిగాక కూడా యహూదీలతో మనకేం పని భాయ్?" అన్నారు. లౌకికవాద మిత్రులు ఇంకోలా అన్నారు. "ముస్లిం అస్తిత్వం మీద పుస్తకం కదా, మీ బాధలు రాయక మధ్యలో ఇదేంటి?" అన్నారు. ఇద్దరికీ ఒకటే జవాబు. నేను రాస్తున్నది నా బాధ గురించే. దాన్ని చెప్పుకోడానికి కావలసిన మాట నాకు అక్కడ దొరికింది, అంతే.

నాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న టౌను. ఇంట్లో ఉర్దూ, బళ్లో తెలుగు. బి.ఎ. చదివి ఒక తెలుగు దినపత్రికలో చేరాను. ఇరవై ఏళ్లుగా వార్తలు తర్జుమా చేస్తూ బతుకుతున్నాను. చిన్నప్పుడు యూదుడనేవాణ్ని చూసింది లేదు. కానీ ఆ మాట ఇంట్లో వినపడుతూనే ఉండేది. పైసా తగ్గించని దుకాణదారుణ్ని అమ్మీ 'యహూదీ' అని తిట్టేది. రాత్రి అదే నోటితో మూసా కథ, యూసుఫ్ కథ, యూనుస్ కథ చెప్పేది. మా పెదనాన్న, బడేబ్బా పేరు మూసా. మామూ పేరు దావూద్. యూదుల ప్రవక్తలంతా మా ఇంట్లో చుట్టాలుగా ఉన్నారు. యూదుడు మాత్రం తిట్టుగా ఉన్నాడు. ఇందులోని వింత మాకెవరికీ తోచలేదు. ఊళ్లో మా సంగతీ అంతే కదా. పీర్ల పండక్కి అలాయి చుట్టూ ఆడినవాళ్లే, పీరీలకు దట్టీలు కట్టినవాళ్లే, కోపమొస్తే 'తురకోడు' అనేవాళ్లు.

2006 అక్టోబర్ 1, ఆదివారం. రంజాన్ నెల. డెస్క్ మీదే రోజా విప్పి, ఖర్జూరం గింజ ఇంకా చేతిలో ఉండగానే షిఫ్ట్ ఇన్‌చార్జి ఒక ఏజెన్సీ కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. "భాయ్, ఇదేదో మీవాళ్ల పండగలాగుంది. నువ్వే చూడు" అన్నారు. చూస్తే యోమ్ కిప్పూర్. ఆ సాయంత్రం నుంచి ఇజ్రాయెల్‌లో ఉపవాసం మొదలని నాలుగు వాక్యాలు. "సార్, ఇది మాది కాదు, యూదులది" అన్నాను. "రెండూ ఒకటే కదయ్యా" అన్నారు నవ్వుతూ. ఆయన మనసులో ఏ చెడూ లేదు. పెద్దమనిషి. కానీ ఆ మాట నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. రెండూ ఒకటేనా? ఒకటైతే ఈ శత్రుత్వం ఏమిటి? కాకపోతే ఈ పోలిక ఏమిటి?

ఆ మాటకి తెలుగు వెతుక్కున్నాను. తెలుగు బైబిల్లో 'ప్రాయశ్చిత్తార్థ దినము' అని ఉంది. ఉర్దూలో 'యౌమె కఫ్ఫారా' అంటాం. అక్కడే కలం ఆగింది. కిప్పూర్, కఫ్ఫారా. హీబ్రూలో 'ప', 'ఫ' ఒకే అక్షరం. రెండు మాటలకీ వేరు ఒకటే. ఒట్టు తప్పితే పదిమంది పేదలకు అన్నం పెట్టడం మాకు కఫ్ఫారా. వాళ్ల 'యోమ్' మా 'యౌమ్'. వాళ్ల ఉపవాసం 'త్సోమ్', మాది అరబీలో 'సౌమ్'. వాళ్ల పశ్చాత్తాపం 'తెషువా', మాది 'తౌబా'. రెండింటికీ తిరిగి రావడమనే అర్థం. దారి తప్పినవాడు ఇంటికి తిరిగి రావడం. తెలుగులో పశ్చాత్తాపమంటే తర్వాత కాలడం. మనిషి కాలినంత మాత్రాన ఇంటికి రాడు. నాకు ఆ రెండు మాటలే నచ్చాయి.

ఇంకో మాట కూడా ఉంది. 'కాఫిర్'. అదీ ఈ వేరులోంచే పుట్టింది. అరబీలో ఆ ధాతువుకు కప్పేయడమని అర్థం. పాపాన్ని కప్పేది కఫ్ఫారా. సత్యాన్ని కప్పేవాడు కాఫిర్. గింజని మట్టితో కప్పే రైతుకి కూడా అరబీలో అదే మాట వాడతారు. ఒకే వేరుకి ఒక కొమ్మ ఎదుటివాడి వైపు వేలు చూపిస్తుంది, ఒక కొమ్మ మన గుండె వైపు చూపిస్తుంది. మనం ఏ కొమ్మ పట్టుకుని ఊగుతున్నామన్నదే ప్రశ్న.

*

ఆ రోజు వాళ్లేం చేస్తారో చెప్పాలి. వాళ్ల తిష్రీ నెల పదో రోజు అది. ముందురోజు పొద్దు గూకక ముందే మొదలై మర్నాడు చుక్కలు పొడిచేదాకా, సుమారు 25 గంటలు. మా రోజాకు సహరీ ఉంది, ఇఫ్తార్ ఉంది, మధ్యలో రాత్రి ఉంది. వాళ్లకు రాత్రీ పగలూ కలిపి ఒకటే ఉపవాసం. మంచినీళ్లు కూడా ముట్టరు. జబ్బు మనిషికి, పసిపిల్లలకు మాత్రం మినహాయింపు. తిండీ నీళ్లే కాదు, స్నానం లేదు, నూనె అత్తరు లేదు, తోలు చెప్పులు లేవు, ఆలుమగల కలయిక లేదు. మంచి బట్టలేసుకున్న పెద్దమనుషులు కూడా కాళ్లకు గుడ్డ బూట్లు తొడుక్కుని వస్తారు. యూరప్ యూదుల్లో చాలామంది తెల్లటి పొడుగు అంగీ వేసుకుంటారు. చచ్చినప్పుడు తొడిగేది కూడా అలాంటి అంగీయే. హజ్‌లో మా ఇహ్రామ్‌ని చూసి కఫన్ గుర్తు తెచ్చుకుంటామే, అలాగ.

ముందురోజు సాయంత్రం 'కోల్ నిద్రే' అనే అరమాయిక్ పాఠంతో మొదలవుతుంది. దేవుడికి మనిషి తన మీద తాను పెట్టుకున్న మొక్కుల్ని, ఒట్లని రద్దు చేసుకునే పాఠం అది. మర్నాడు మధ్యాహ్నం యూనుస్ ప్రవక్త గ్రంథం చదువుతారు. చేప కడుపులో పడ్డ యూనుస్. మాకూ ఆయన ప్రవక్తే, ఖుర్ఆన్‌లో పదో సూరా ఆయన పేరు మీదే ఉంది. ఇంట్లో కష్టమొస్తే అమ్మీ, చుట్టుపక్కల ఆడవాళ్లు దస్తర్‌ఖాన్ పరిచి, చింతగింజలు లెక్కపెట్టుకుంటూ ఆయతె కరీమా చదివేవాళ్లు. చేప కడుపు చీకట్లో యూనుస్ చేసుకున్న దువా అది. తప్పు నాదే అని ఒప్పుకునే దువా. ఆ కథలో మారుమనసు పొంది బాగుపడ్డ నగరం నినెవె. అంటే ఇప్పటి మోసుల్ పక్కనున్నది. యూదుల నగరం కాదది, పరాయివాళ్లది. తమ పెద్ద ఉపవాసం నాడు యూదులు తలచుకునేది పరాయివాళ్ల పశ్చాత్తాపాన్ని. మోసుల్‌లో నబీ యూనుస్ పేరున్న మసీదుని 2014 జులైలో పేల్చేసినవాళ్లు మాత్రం మా కలిమా చదివే ఐసిస్ వాళ్లు. ఆ వార్త తర్జుమా చేసిన రాత్రి నాకు చింతగింజలే గుర్తొచ్చాయి.

చివరి నమాజు లాంటిది 'నెయిలా'. తలుపు మూయడమని అర్థం. ఆకాశం తలుపులు మూసుకుపోతున్నాయి, ఈలోగా అడగాల్సింది అడుక్కోవాలని. అది అయ్యాక పొట్టేలు కొమ్ము ఊదుతారు. ఉపవాసం ముగుస్తుంది.

నన్ను పట్టుకున్నది మాత్రం వాళ్లు పాపాలు ఒప్పుకునే తీరు. అక్షరమాల వరసలో పాపాల జాబితా ఉంటుంది. ఒక్కో మాటకీ పిడికిలితో గుండె మీద మెల్లగా తట్టుకుంటారు. ఆ జాబితా 'నేను' అని ఉండదు, 'మేము' అని ఉంటుంది. దొంగతనం చేయనివాడు కూడా మేము దోచుకున్నామంటాడు. ఎవరి మీదా చాడీ చెప్పని ముసలమ్మ కూడా మేము చాడీలు చెప్పామంటుంది. పక్కనున్నవాడు నోరు తెరిచి చెప్పుకోలేని దాన్ని అందరూ కలిసి చెప్పి వాణ్ని తమలో కలుపుకుంటారు.

ఆ 'మేము' నాకు కొత్తగా వినిపించింది. ఎందుకంటే మాకు తెలిసిన 'మేము' వేరు. అది చెప్పేముందు ఇంకో రెండు సంగతులు చెప్పాలి.

*

మొహర్రం పదో రోజు మాకు ఆషూరా. ప్రవక్త మదీనాకు వచ్చినప్పుడు అక్కడి యూదులు ఆషూరా నాడు ఉపవాసముండటం చూసి కారణం అడిగారని, ఫిరౌన్ నుంచి మూసాని దేవుడు కాపాడిన రోజని వాళ్లు చెప్పారని, మూసా మీద మాకూ హక్కుందని ఆయన తానూ ఉపవాసముండి ముస్లింలనూ ఉండమన్నారని బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉంది. హిజ్రీ రెండో ఏట రంజాన్ రోజాలు విధిగా వచ్చాక ఆషూరా ఐచ్ఛికమైంది. మదీనా యూదుల ఆ ఉపవాసం తిష్రీ పదో రోజుదే అయి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. 'ఆషూరా' అన్నా హీబ్రూలో 'ఆసోర్' అన్నా పదోది అనే. హిజ్రీ 61లో, అంటే 680లో, అదే పదో రోజున కర్బలా జరిగింది. ఆ దుఃఖం కింద పాత ఉపవాసం కప్పడిపోయింది. మా అమ్మీ ఇప్పటికీ తొమ్మిది, పది రెండు రోజులూ రోజా ఉంటుంది. ఎందుకు రెండు అంటే, "యహూదీలకన్నా వేరుగా ఉండాలని" అంటుంది. వాళ్లతో కలిసి మొదలైన రోజా, వాళ్లతో వేరుపడటానికి ఇంకో రోజు పెరిగింది. అస్తిత్వాల కథంతా ఇందులోనే ఉందనిపిస్తుంది నాకు.

తెలంగాణ పల్లెల్లో ఆ పదో రోజుకి పీరీలు లేస్తాయి. అలాయి తవ్వుతారు. మలీద ముద్దలు పంచుతారు. అన్ని కులాలవాళ్లూ వస్తారు. ఇక వాళ్ల తిష్రీ ఉందే, అది చాలా ఏళ్లు మన ఆశ్వయుజంతో కలిసే నడుస్తుంది. రెండూ చాంద్రమాన నెలలే, రెండు పంచాంగాల్లోనూ అధికమాసం ఉంది. 2006 అక్టోబర్ 2న ఇక్కడ దసరా, అక్కడ యోమ్ కిప్పూర్, మాకు రంజాన్ రోజా, దేశానికి గాంధీ జయంతి. నాలుగూ ఒకే రోజు. 19 ఏళ్లకు చంద్రుడు మళ్లీ అదే చోటుకి వస్తాడు. 2025 అక్టోబర్ 2న దసరా, యోమ్ కిప్పూర్ మళ్లీ కలిశాయి. అధికమాసం లేని మా రంజాన్ ఈలోగా మార్చికి జరిగిపోయింది.

రెండో సంగతి మన దేశంలో యూదులది. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ అనే యూదులున్నారు. నూనె గానుగలు ఆడించేవాళ్లు. శనివారం పని మానేస్తారని చుట్టుపక్కలవాళ్లు 'శనివార్ తేలీ' అన్నారు. శనివారం తెలికలవాళ్లన్నమాట. ఏలియా ప్రవక్త పేరు మీద వీళ్లు మలీద చేసి పంచుతారు. మాకు ఆయన ఇల్యాస్. పీర్లకు మనం పంచుకునే మలీద పేరే అక్కడా వినపడటం చూడండి. బొంబాయిలో మస్జిద్ అనే రైల్వే స్టేషన్‌కి ఆ పేరు వచ్చింది మా మసీదు వల్ల కాదని, వీళ్లు 1796లో కట్టుకున్న ప్రార్థనా మందిరం వల్లనని చెబుతారు. కలకత్తాలో 1884 నాటి మాగెన్ డేవిడ్ మందిరాన్ని ఊడ్చి, తుడిచి, దీపాలు చూసుకుంటున్నది తరాలుగా ముస్లిం కుటుంబాలు. తెలుగు మాట్లాడే యూదులూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో మాదిగ కుటుంబాలు కొన్ని తాము ఎఫ్రాయిమ్ సంతతి యూదులమని చెప్పుకుని, 1991లో మందిరం పెట్టుకున్నాయి. 2013లో వాళ్ల మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి ఇంగ్లీషులో పుస్తకం రాశారు. మీరెవరో మేం చెబుతామని ఊరు అంటున్నప్పుడు, మేమెవరమో మేమే చెప్పుకుంటామన్న దళితుల మాట అది. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం తర్వాత.

ఈ బెనె ఇజ్రాయెల్ వాళ్లు యోమ్ కిప్పూర్‌ని మరాఠీలో 'దార్‌ఫాళ్ణీచా సణ్' అనేవాళ్లు. తలుపులు మూసే పండగ. ఆ రోజు తెల్లబట్టలు కట్టుకుని, తలుపులు వేసుకుని, బయటివాళ్లతో మాటా మంతీ లేకుండా ఉపవాసముండేవాళ్లు. మర్నాడు 'శిళా సణ్'. చద్ది పండగ. ఆ రోజు తలుపులు తీసి, చుట్టాలనీ స్నేహితులనీ పలకరించి, బీదసాదలకు దానం చేసేవాళ్లు.

తలుపులు మూసే పండగ. నాకు కావలసిన మాట ఇదే.

*

యూదుల ధర్మశాస్త్రం మిష్నాలో ఒక సూత్రం ఉంది. దేవుడికీ మనిషికీ మధ్య జరిగిన తప్పుల్ని యోమ్ కిప్పూర్ తుడిచేస్తుంది. మనిషికీ మనిషికీ మధ్య జరిగిన తప్పుని మాత్రం ఆ ఎదుటి మనిషిని సముదాయించుకునేదాకా తుడవదు. 12వ శతాబ్దంలో మైమోనిడెస్ దీన్ని ఇంకా వివరించాడు. మా పుస్తకాల్లో ఈయన మూసా ఇబ్న్ మైమూన్. కోర్డోబాలో పుట్టి, కైరోలో హకీముగా బతికి, చాలా పుస్తకాలు అరబీలో రాసినవాడు. క్షమించనంటే ముగ్గుర్ని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాలని, అలా మూడుసార్లు అడగాలని, ఎదుటివాడు చచ్చిపోతే పదిమందితో సమాధి దగ్గరికి వెళ్లి ఒప్పుకోవాలని చెప్పాడు.

ఇది చదివినప్పుడు నాకు కొత్తేమీ అనిపించలేదు. మా ఇంట్లో ఇదే మాట 'హుఖూఖుల్ ఇబాద్' అని విన్నాను. దేవుడి హక్కు దేవుడు మాఫ్ చేస్తాడు, మనిషి హక్కు మనిషే మాఫ్ చేయాలి. అబ్బా హజ్‌కి వెళ్లేముందు వారం రోజులు ఇల్లిల్లూ తిరిగాడు. అప్పులు కట్టాడు. ప్రతి గుమ్మం దగ్గరా "కహా సునా మాఫ్" అన్నాడు. అన్నదీ విన్నదీ మన్నించమని. మా వెనకింటి రెడ్డితో ఆయనకి గోడ తగాదా ఉండేది. కోర్టు కేసు. అక్కడికీ వెళ్లాడు. నేను వెంట ఉన్నాను.

"అన్నా, హజ్‌కు పోతున్న. తిరిగొస్తనో రానో. అన్నది విన్నది మాఫ్ చెయ్యి."

"మరి గోడ మాటేంది సాయిబూ?"

"గోడ నాదే. అది ఇప్పటికీ అంట. గోడ మీద నిన్ను తిట్టిన తిట్లకు మాఫీ అడుగొచ్చిన."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను తిట్టినయి ఎవరు మాఫ్ చెయ్యాలె?" అన్నాడు.

"ఎప్పుడో చేసిన."

అబ్బా తిరిగొచ్చాక కూడా కేసు నడిచింది. మూడేళ్లకు రాజీ పడ్డారు. కానీ ఆ రోజు నేను ఒకటి నేర్చుకున్నాను. క్షమాపణ అడగడమంటే లొంగిపోవడం కాదు. గోడ వదులుకోవడం కాదు. తన తప్పు ఎంతవరకో అంతవరకు, తను తప్పు చేసిన మనిషి దగ్గరికి, తన కాళ్లతో తాను వెళ్లడం.

ఇప్పుడు మాకు తెలిసిన ఆ రెండో 'మేము' గురించి చెబుతాను.

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిది మంది చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు. చనిపోయినవాళ్ల పేర్లు నేనే టైపు చేస్తున్నాను. వెనక నుంచి ఒకాయన భుజం మీద చెయ్యేసి, "ఏంటి భాయ్, మీవాళ్లు ఇలా చేస్తున్నారు?" అన్నాడు. నా వేళ్ల కింద ఉన్నవి మా శవాల పేర్లు. ఆయన నోట్లో ఉన్నది మా నేరం. ఇది ఒకరోజు సంగతి కాదు. లండన్‌లో పేలినా, బొంబాయిలో కాల్చినా మర్నాడు క్యాంటీన్‌లో ఒక చూపు మా కోసం కాచుకుని ఉంటుంది. ఖండించాలి. గట్టిగా ఖండించాలి. అందరికంటే ముందు ఖండించాలి. ఖండించాక, "కానీ" అనకూడదు.

మక్కా మసీదు కేసులో మొదట అనుమానించి పట్టుకెళ్లింది ముస్లిం యువకుల్ని. వాళ్లు కోర్టుల్లో నిర్దోషులుగా తేలారు. 2012లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదంది. హిందుత్వ సంస్థల వాళ్ల మీద పెట్టిన కేసు 2018 ఏప్రిల్‌లో కోర్టులో వీగిపోయింది. మరి ఆ పద్నాలుగు మంది కఫ్ఫారా ఎవరి మీద ఉంది? భుజం మీద చెయ్యేసిన ఆయన తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

ఇదీ మా 'మేము'. ఎదుటివాడు 'మీరు' అని మొదలుపెడితే మేం 'మేము' అని పూర్తి చేయాలి. యూదుల మందిరంలో గుండె తట్టుకునే 'మేము' లోపలి నుంచి వస్తుంది, ఎవరూ అడగకుండా వస్తుంది. మా చేత అనిపించేది పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టించుకునే 'మేము'. మాటకి మాట ఒకటే. మొదటిది మనిషిని ఇంటికి తెస్తుంది, రెండోది ఇంట్లోంచి ఈడ్చుకుపోతుంది.

యూదులకి ఇది తెలియనిదా? శతాబ్దాలపాటు యూరప్ వాళ్లని ఇలాగే నిలబెట్టి అడిగింది. 2019 అక్టోబర్ 9న, యోమ్ కిప్పూర్ నాడు, జర్మనీలోని హాలె పట్టణంలో ఒక తీవ్ర మితవాది తుపాకీతో యూదుల మందిరం మీదికి వచ్చాడు. లోపల యాభై మందికి పైగా ప్రార్థనలో ఉన్నారు. తలుపు గట్టిది. కాల్చినా తెరుచుకోలేదు. దారిన పోయే స్త్రీని చంపాడు. తర్వాత ఎక్కడికి వెళ్లాడు? కబాబ్ దుకాణానికి. యూదులు దొరకలేదు, ముస్లింలైనా దొరుకుతారని. అక్కడ చచ్చిపోయిన కుర్రవాడు ముస్లిం కూడా కాదు. మా డెస్క్ ఇన్‌చార్జి నవ్వుతూ అన్న 'రెండూ ఒకటే' అన్న మాటని హాలెలో ఒకడు తుపాకీతో అన్నాడు.

2025 అక్టోబర్ 2న, మళ్లీ యోమ్ కిప్పూర్ నాడే, మాంచెస్టర్‌లో మందిరం ముందు ఒకడు మనుషుల మీదికి కారు తోలి, కత్తితో పొడిచాడు. లోపలివాళ్లు తలుపులు మూసి అతణ్ని రానీయలేదు. ఇద్దరు యూదులు చనిపోయారు, అందులో ఒకరికి తగిలింది పోలీసు తూటా. ఈసారి దాడి చేసినవాడిది మా పేరు. బ్రిటన్ ముస్లిం సంస్థలు ఖండించాయి. నాకూ ఫోన్లొచ్చాయి, ఏమంటావని. హైదరాబాద్‌లో కూర్చున్న నన్ను. దసరా రోజు. ఉపవాసముండి దేవుడి ముందు నిలబడ్డ మనిషిని చంపడం హరామ్ అన్నాను. ఇది నేను ఎవరో అడిగారని అనలేదు. రంజాన్ ఉపవాసమంటే ఏమిటో తెలిసినవాణ్ని కాబట్టి అన్నాను. ఫోన్ చేసినవాళ్లకు ఈ తేడా అర్థమైందో లేదో.

*

ఇజ్రాయెల్ రాజ్యం సంగతి వేరే. 1973లో యోమ్ కిప్పూర్ నాడు, అక్టోబర్ 6న, ఈజిప్టు, సిరియా సైన్యాలు యుద్ధం మొదలుపెట్టాయి. ఆ రోజు రంజాన్ పదో తేదీ. అటూ ఇటూ కూడా ఉపవాసాల రోజే. అరబ్బులు దాన్ని రంజాన్ యుద్ధమన్నారు, వాళ్లు యోమ్ కిప్పూర్ యుద్ధమన్నారు. ఈ పండగ ప్రశాంతంగా గడవాలని వెస్ట్‌బ్యాంక్ దారులు మూసేయడం ఇజ్రాయెల్‌కి ఏళ్లుగా అలవాటు. ఇదీ తలుపులు మూయడమే. కానీ తన తలుపు కాదు, ఎదుటివాడి తలుపు. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1200 మంది చనిపోయారు. ఆ తర్వాత గాజాలో చనిపోయినవాళ్ల లెక్క 2025 జులై నాటికే 60 వేలు దాటిందని అక్కడి ఆరోగ్యశాఖ చెప్పింది. మనిషికీ మనిషికీ మధ్య తప్పుని ఏ ఉపవాసమూ తుడవదన్న మిష్నా సూత్రం ఎవరికి చెప్పాలి? చెప్పినవాళ్లూ యూదుల్లో ఉన్నారు. 2023 అక్టోబర్ 27న న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నిండా కూర్చుని 'మా పేరు మీద వద్దు' అన్నవాళ్లు యూదులే. వాళ్లని ఎవరూ నిలదీయలేదు. తమ 'మేము' తామే అన్నారు.

మన దగ్గర 2017లో, రైల్లో ఈద్ సామాను కొనుక్కుని వస్తున్న కుర్రవాణ్ని పొడిచి చంపినప్పుడు, ఇదే మాట పట్టుకుని ఊరూరా నిలబడ్డవాళ్లలో చాలామంది హిందువులు. లౌకిక మిత్రులారా, ఆ రోజు మీలో కొందరి పక్కన నేనూ నిలబడ్డాను. మీరు మా తరఫున మాట్లాడినందుకు కాదు నాకు కన్నీళ్లొచ్చింది. మీరు మీ తరఫున మాట్లాడినందుకు.

2014 అక్టోబర్ 4న యోమ్ కిప్పూర్, అక్కడి బక్రీద్ ఒకే రోజు వచ్చాయి. ఒకరిది నీళ్లు కూడా ముట్టని మౌనం, ఒకరిది ఖుర్బానీ, విందు. కలిసి బతికే ఊళ్లలో ఏం జరుగుతుందోనని భయపడ్డారు. 2008లో అక్కా పట్టణంలో యోమ్ కిప్పూర్ రాత్రి ఒక అరబ్బు కారు నడిపాడన్న దాని మీద రోజుల తరబడి అల్లర్లు జరిగాయి మరి. ఇది మనకి తెలియని భయమా? 2023 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం, మీలాదున్నబీ ఒకే రోజు వచ్చాయి. ముస్లిం పెద్దలు మీలాద్ ఊరేగింపుని అక్టోబర్ 1కి మార్చుకున్నారు. ఎవరూ సంతకం పెట్టించుకోలేదు. ప్రవక్త పుట్టినరోజుకి అంతకన్నా మంచి కానుక లేదని నాకనిపించింది. ఇదీ ఒక 'మేము'.

ఇక మావాళ్లతో ఒక మాట. మనకీ అక్షరమాల వరసలో జాబితా ఉంది. అందులో మన ఆడవాళ్ల నోరు నొక్కడం ఉంది. దూదేకుల వాళ్లని సగం ముస్లింలని అనడం ఉంది, పెళ్లి పందిట్లో వాళ్లకు వేరే వరస వేయడం ఉంది. మెహతర్‌కి సలాం చెప్పడానికి వెనకాడటం ఉంది. తిట్టుమాటగా 'యహూదీ' అనడం ఉంది. ఈ జాబితా ఎప్పుడు చదువుదామన్నా ఒకటే జవాబు వస్తుంది. ఇప్పుడు కాదు, బయట శత్రువు కాచుకుని ఉన్నాడు, మన మాటే మన మీద వాడతాడు. ఇది అబద్ధం కాదు. కిటికీ బయట కాగితం, కలం పట్టుకుని ఉన్నవాళ్లని నేనూ చూశాను. కానీ ఈ కారణం మీద ఆ జాబితా ఎన్ని తరాలు మడిచి పెట్టుకుంటాం?

అందుకే కొంకణంలోని ఆ గానుగవాళ్ల పండగ నాకు ఇష్టమైంది. వాళ్లు తలుపు మూసింది దాచుకోవడానికి కాదు, చెప్పుకోవడానికి. తలుపు లేని ఇంట్లో పాపం ఒప్పుకోవడం వాంగ్మూలమే అవుతుంది.

లౌకిక మిత్రులారా, మా తలుపు మేము మూసుకునే హక్కు మాకు ఉండనివ్వండి. లోపలేదో కుట్ర జరుగుతోందని చెవి ఆనించకండి. లోపల ఎవరో గుండె తట్టుకుంటున్నారు. వీలైతే మీ ఇంటి తలుపు కూడా ఒకరోజు వేసుకోండి. మీ దగ్గరా అక్షరమాల ఉంది. చుండూరు ఉంది, గుజరాత్ ఉంది, ఆ రైలు ఉంది.

మావాళ్లారా, తలుపు వేసుకున్నాక మాత్రం నిద్రపోకూడదు. తెల్లారితే చద్ది పండగ. తలుపు తియ్యాలి. ఎవరికి బాకీ ఉన్నామో వాళ్ల గుమ్మానికి మన కాళ్లతో మనం వెళ్లాలి. దూదేకుల ఇంటికి, తలాక్ చెప్పి పంపిన ఆడబిడ్డ ఇంటికి. గోడ మనదైతే మనదేనని చెబుతూనే, తిట్టిన తిట్లకు కహా సునా మాఫ్ అని అడగాలి.